ముప్పై మూడున్నర

ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసేటోన్ని.
సలి సంగతి నాకు ఎరుకే.
ఎండకాలం కోల్డ్ స్టోరేజి ఇనుప తలుపు తీస్తే
చెమట వీపు మీదనే గడ్డకడ్తది.
మార్చిల పెట్టిన సరుకు దసరాకు తీసినా
ఎర్రగనే ఉంటది, తొడిమె రాలదు.
అది సరుకు.

ఇది నా బిడ్డ.

పుట్టంగనే ఏడ్వలేదు.
బొడ్డుపేగు మెడకు చుట్టుకున్నదన్నరు,
మెదడుకు గాలి అందలేదన్నరు.
పరకాల నుంచి అంబులెన్సుల
నేను గడియారం చూడలే, డ్రైవర్ మెడ చూసిన.
"ఆరు గంటల లోపలనే తెచ్చిన్రు, మంచిదైంది"
డాక్టరమ్మ అన్నది.
ఆ రాత్రి మంచి అనే మాట అదే మొదలు వినుడు.

బయట నలభై నాలుగు.
లోపల నా బిడ్డ ముప్పై మూడున్నర.
కింద సల్ల నీళ్లు పారే పరుపు, ఒంటి మీద నూలుపోగు లేదు.
పేరింకా పెట్టలే. కాలికి చీటీ: శ్రావంతి బిడ్డ.

మా అవ్వ కొంరమ్మ
పాత చీరెలు నాలుగు మడతలేసి కుట్టిన బొంత
సంకల పెట్టుకొని అద్దం కాడ నిలవడ్డది.
వాడకట్టుల సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి.
"పసిగుడ్డును ఎవడన్న సలికి పండవెడ్తడా?"
సిస్టర్ మీదికి లేసింది.
స్వరూప సిస్టర్ గొంతు పెంచలే.
"దెబ్బ తిన్న మెదడు లోపల్లోపల కాలుకుంట పోతది పెద్దమ్మా.
ఆ మంటను తగ్గించుడే ఇది. డెబ్బై రెండు గంటలు."
అవ్వ వేళ్లు మడిచింది: మూడు పగళ్లు, మూడు రాత్రులు.
బొంత విప్పలే. ఇంటికీ పంపలే.

రెండో రాత్రి నన్ను లోపలికి రమ్మన్నరు.
ఎన్ని సబ్బులకూ పోని మిర్చి ఘాటు నా చేతులది.
ఎనకకు కట్టుకొని నిలవడ్డ.
పరకాల నుంచి శ్రావంతి ఫోను, కుట్లు పచ్చిగనే ఉన్నయి:
"సల్లగున్నదా?"
ఏమని చెప్పాలె.
"సల్లగనే ఉన్నది."

తెల్లారేటప్పుడు అవ్వ అద్దానికి నుదురానిచ్చి
కాళ్లు మొక్కినోళ్లందరికీ అరవై ఏండ్ల సంది అంటున్న మాటే అన్నది:
"సల్లంగ బతుకు బిడ్డా."
అని, తన మాట తనే విని
నా దిక్కు చూసింది.

నాలుగో పొద్దు వేడి ఎక్కిచ్చుడు షురూ.
గంటకు అర డిగ్రీ, అంతకు మించి వద్దంట.
ముప్పై నాలుగు. ముప్పై నాలుగున్నర.
స్కానింగు ఇంకా తీయాలె, డాక్టరమ్మ ఏ మాటా ఇస్తలేదు.
ముప్పై ఆరు కాడ పెదవి కదిలింది,
ఏడుపో ఆవులింతో నాకు తెలువదు.
అవ్వ బొంత మడత విప్పి
అద్దం మీద మెల్లగ కొట్టింది.
"ఇగ కప్పొచ్చునా?"
స్వరూప సిస్టర్ అంకె దిక్కు చూసి
ఒక వేలు చూపెట్టింది.
ఇంకో గంట.