దడ్వాయి గొంతు

పందొమ్మిదేండ్ల సంది ఎనుమాములల మిరప బస్తాలు జోకుతున్న.
"నలభై రెండూ మూడొందలు!" అని ఒర్రితే
షెడ్డు ఆఖరి కంబం కాడ కూసున్న రైతు
తల లేపి చూసేటోడు.
ఈ మాఘం నుంచి
నా గొంతు నా మాట వింటలేదు.

ఘాటు వల్లనే అన్నరు అందరు.
తేజ కాయ, దుమ్ము, పొద్దంత తుమ్ములు...
నేను గూడ అట్లనే అనుకున్న.
ఇది పైకెళ్లి వచ్చే ఘాటు గాదట,
రాత్రిపూట కిందికెళ్లి ఎగదన్నే పులుపట.

ఎంజీఎంల పైపు ఏసి చూసిన డాక్టరమ్మ
చీటీ ఎనుక ఒక సంచి బొమ్మ గీసింది.
"నింపిన బస్తా మూతికి సుతిలి వదులైతే ఏమైతది?"
సమజైందని సంబురపడ్డ.
సమజైనంక భయపడ్డ.

పరిగడుపున ఒక గోలి, అరగంటాగి బువ్వ.
ఆ అరగంటల
మార్కెట్ గేటు కాడి ఛాయ్ బండి
నన్ను పేరు వెట్టి పిలుస్తది.
ఎనిమిది వారాలు మింగాలె, ఆనక తగ్గిస్తరట.
"తరుగు తీసి చెప్పు మేడం, పూరా నయమైతదా?"
నవ్వింది గని జవాబియ్యలే.
ఆగకుంటే మూతి చుట్టు కుట్టేసే ఆపరేషన్ ఉందట.
దాని ఖర్చు ఇంక అడగలే.

సరోజన మంచం తలాపు కోళ్ల కింద ఇటుకలు వెట్టింది.
తెల్లారేసరికి కాళ్లకాడికి జారి
తవుడు బస్తా లెక్క ముడుసుకొని ఉంటున్న.
ఎడమ దిక్కు ఒరగమన్నరు.
పెండ్లైన కాడ్నుంచి కుడి దిక్కే, గోడ మొఖానే పండుకున్నోన్ని.
ఇప్పుడు కండ్లు తెరిస్తే సరోజన.
చెంపల మీద ఆ మచ్చలు ఎప్పుడొచ్చినయో,
అడగబుద్ధి గాలే.

నేను ఏడింటికే సప్పటి బువ్వ తిని ఒరిగినంక
ఆమె వంటింట్ల ఎండుమిర్చి తొక్కు కలుపుకుంటది,
గిన్నె చప్పుడు గాకుంట.
వాసన వట్టి చెప్పగల్గుత, చపాటానా తేజానా.
ఎరగనట్టే పండుకుంట.

ఇయ్యాల్టికి పదకొండు దినాలు.
మంట జర నయం, గొంతు ఇంక రాలే.
పొద్దున కాంటా మీది అంకె చూసి
గుసగుస లెక్క అన్న: నలభై ఒకటీ ఆరొందలు.
పక్కనున్న హమాలీ మొగిలి
భుజం మీది బస్తా దించకుంటనే
షెడ్డు అదిరేటట్టు ఒర్రిండు
నా అంకె.