నీలం ముక్క, నంబరు 219

నా జిరాక్సు మిషనుకు తెలిసినవి
ఆధార్ కార్డులు, ఇంటి పన్ను రశీదులు, మార్కుల మెమోలు.
గోడను కాపీ తియ్యమని
ఎన్నడూ ఎవరూ అడగలేదు.

ఆదివారం షట్టరు సగం దించి ఉన్నప్పుడు
బాకారం పిల్లలు ఆటోలకెల్లి దింపిండ్రు
పదకొండు హెచ్‌ఎంటీ బియ్యం సంచులు.
బియ్యం కాదు.
వంతెన కోసం కూల్చిన మిల్లు గోడ,
పెచ్చులు పెచ్చులుగ.
"మెల్లగ అక్కా, అండ్ల మనుషులున్నరు."

అరవై అడుగుల గోడ.
సైరన్ కూసినంక టిఫిన్ డబ్బాలతోటి గేటు దాటే
ఆడోళ్ల వరుస దాని మీద.
బడికి పోయేటప్పుడు రోజూ వాళ్లకు ఎదురు నడిచేదాన్ని,
ఎంతమందో లెక్కపెట్టలే.
ఇప్పుడు పెడుతున్న:
నాలుగు వందల పన్నెండు ముక్కలు,
తొమ్మిది చెవులు,
ఆరున్నర ముఖాలు.

అద్దం గీరుకుపోకుండ ప్లాస్టిక్ షీటు పరిచి
ఒక్కో ముక్కను బోర్ల పండబెట్టిన.
కింద వెలుగు అటునుంచి ఇటు నడిచేది
జ్వరం చూసే చెయ్యిలెక్క.

ఇండ్లల్లకెల్లి ఫోటోలు వచ్చినయి.
గోడ కోసం దిగినవి కావు ఏవీ.
ఈదమ్మ కొడుకు బారాతుల, గుర్రం తోక వెనక
ఒక మోచెయ్యి.
డేవిడ్ రాజు కొత్త లూనా చక్రాల నడుమ
చెప్పుల్లేని రెండు పాదాలు.
ఒక ముక్క మీద "...పోయరాదు" అని నల్లరంగు అక్షరాలు.
తీసేద్దామన్నరు పిల్లలు.
"ఉండనీయుండ్రి, ఇన్నేండ్లు గోడను కాపాడింది ఆ మాటనే,"
అన్నడు డేవిడ్ రాజు.
"ఎక్కడ కాపాడింది," అన్నది ఈదమ్మ,
ముక్కు మూసుకొని.

తెగనిది ఒక్కటే, రెండు వందల పంతొమ్మిది.
బొటనవేలంత నీలం.
ఆకాశమా, చీరెనా?
రెండు చోట్లా సరిపోతదన్నది కంప్యూటరు.

మనవడి బండి మీద జబ్బార్ సాబ్‌ను తోలుకొచ్చిండ్రు.
ఊరి బోర్డులన్నీ రాసిన చెయ్యి,
ఇప్పుడు శుక్లాలు కమ్మిన కండ్లు.
ముక్కను గోటితోటి గీకి, వాసన చూసి నవ్విండు.
"చందా పైసలు అయిపోయినయి బేటీ.
డబ్బా అడుగున మిగిలిన రంగుల
బట్టల నీలిమందు కలిపినం.
ఆకాశం అదే.
వెంకటలక్ష్మి చీరె అదే."

ఎవరూ ఏం అనలే.
గల్మ కాడ నిలబడ్డ సూర్యకళ,
వెంకటలక్ష్మి బిడ్డ,
అప్పటిదాక ఒక్క ఫోటో తేనిది, అన్నది:
"మా అవ్వకు ఫోటో లేదు.
చీరెలనే పెట్టుండ్రి.
ఆకాశానికేం తక్కువ,
పైన మస్తుగున్నది."

ఇప్పుడు వంతెన స్తంభాల మీద గీస్తున్నరు.
ఒక స్తంభం మీద లేపిన అడుగు
ఇంకో స్తంభం మీద పడుతది,
నడుమ ఆర్టీసీ బస్సులు పోతుంటయి.
దొరకని ముఖాల కాడ
సిమెంటును సిమెంటులెక్కనే వదిలేసిండ్రు.
సూర్యకళ రోజూ వచ్చి
చీరె అంచు ఒక్కటే దిద్ది పోతది.

మొన్న ఒకాయన ఆధార్ కలర్ కాపీ మీద
దవడ పక్కన నీలం చుక్క పడ్డది.
"మిషను తుడువవా అమ్మా," అని గులిగిండు.
ఇంకోటి తీసిచ్చిన, పైసలు తీసుకోలే.
ఖరాబైన కాపీ
గల్లాపెట్టెల ఉన్నది.