చేబదులు

ఫోన్లో నా పేరు సంధ్య.
అసలు పేరు వరహాలు.
మా అనకాపల్లిలో బంగారు నాణెం లాంటి పేరు,
మారతహళ్ళి మూడో అంతస్తులో హెడ్‌సెట్టుకి నప్పదన్నారు.

పొద్దున్న పదింటికి లిస్టు తెరుచుకుంటుంది.
కిందన రింగురోడ్డు మీద బస్సులు కదలకుండా మూలుగుతుంటాయి.
క్రెడిట్ కార్డుల వాళ్ళు ముందు.
ఎత్తగానే గొంతు తగ్గిస్తారు. పక్కన ఎవరో ఉన్నారన్నమాట.
"మొత్తం కుదరకపోతే మినిమం కట్టండి సార్,
నూటికి ఐదు, అంతే" అంటాను.
అంతే అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో.
మిగతా తొంభై ఐదూ ఎక్కడికీ పోదు,
నెలకి మూడున్నర చొప్పున పిల్లలు పెడుతుంది.
ఆనక కొన్న పాల ప్యాకెట్టుకి కూడా
కొన్న రోజు నుంచే వడ్డీ.
చెప్పొద్దని స్క్రిప్టులో లేదు. చెప్పమనీ లేదు.
అడిగితే చెప్పాలి.
ఎవరూ అడగరు.

మధ్యాహ్నం ఒకే ఒక్క చార్జ్ కార్డు వచ్చింది.
పబ్బిశెట్టి రంగనాయకులు, చిక్‌పేట, పట్టుచీరల హోల్‌సేలు.
బాకీ పదకొండు లక్షల నలభై వేలు.
ఒక్క రోజు ఆలస్యం.
లిమిట్ గడిలో అంకె లేదు.
గట్టు లేని బావిలోకి తొంగి చూసినట్టు
నాకు కాళ్ళు వణికాయి.
ట్రైనింగులో చెప్పారు, గట్టు లేదంటే అడుగు లేదని కాదట.
ఎవరు ఎంత తోడుకుంటారో, ఎంత తోడుకోగలరో
పైనుంచి ఒక కన్ను రోజూ చూస్తూనే ఉంటుందట.

అలవాటున "మినిమం" అని నోరు జారాను.
"దీనికి మినిమం ఉందా తల్లీ?"
లేదండీ.
"వడ్డీ?"
లేదండీ. మొత్తం ఒకేసారి కట్టాలి.
కట్టకపోతే జరిమానా. అప్పటికీ కట్టకపోతే కార్డు ఉండదు.
"మరింకేం. చేబదులే కదా.
మా నాన్న పొద్దున్న వంద తెస్తే
దీపాలవేళకి వంద ఇచ్చి వచ్చేవాడు.
ఇయ్యలేనని తోచిన రోజు తెచ్చేవాడే కాదు."
ఏటా అరవై వేలు ఫీజు కట్టి తెచ్చుకునే చేబదులు,
అని నేననలేదు.

తమ్ముణ్ణి నిన్న జయనగర్ ఆస్పత్రిలో చేర్చారట,
ఆ హడావుడిలో తారీఖు మరిచారట.
నేను లైన్లో ఉండగానే గుమాస్తాని కేకేశారు.
తెర మీద పదకొండు లక్షల నలభై వేలూ
విస్తరి ఎత్తేసినట్టు ఒక్కసారిగా పోయింది.
జరిమానా తీసెయ్యమని ఆయన అడగలేదు.
నేనే అర్జీ పెట్టాను, ఎందుకో.
పెట్టేసేముందు అడిగారు:
"నీదే కార్డమ్మా?"

కాల్ రికార్డవుతోంది.
"మీ రోజు శుభంగా గడవాలి సార్" అన్నాను.

నాది అరవై వేల లిమిట్.
పందొమ్మిది వేలు గీకి
ఎడమ దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నాను.
పదిహేను నెలలు. ఒక్కసారీ మినిమం తప్పలేదు.
ఇంకా పదహారు వేల చిల్లర ఉంది.
అంటే ఆ పన్ను చాలావరకు బ్యాంకుదే,
నా నోట్లో దాచుకున్నారు.
ఆ నోటితోనే రోజుకి నూట ఇరవై మందిని
కట్టండి, కట్టండి అంటాను.

రాత్రి పెంచలయ్య మెస్సు.
పద్దు పుస్తకంలో నా పేజీ మీద
పెన్సిల్‌తో "వరాలు" అని ఉంటుంది.
ఎన్నిసార్లు దిద్దమన్నా దిద్దడు.
వడ్డీ అతనికి తెలీదు, లిమిట్ ఎప్పుడూ చెప్పలేదు.
ఐదో తారీఖు దాటితే మాత్రం కంచం రాదు.
మొన్న పైగది కుర్రాడికి రాలేదు,
నీళ్ళు తాగి లేచిపోయాడు.
అందుకని జీతం పడగానే మొదట పెంచలయ్యకే కడతాను,
పైసాతో సహా.
అందుకే కార్డుకి మినిమం.

ఇవాళ పప్పులోకి గుమ్మడి వడియాలు వేయించాడు.
కుడివైపే నమిలాను.
నొప్పేం లేదు.
వాళ్ళ వస్తువు కదా,
అరిగిపోతే ఏమంటారో.