ప్రమేయం

కావలి కాలేజీ ల్యాబులో
మస్తానయ్య సారు సీసా మూత తీశాడు.
బెంచీలన్నీ ముక్కులు మూసుకున్నాయి.
"అమీను" అన్నాడు సారు.
"కార్బన్ గొలుసు ఎంత పొడుగైనా
గుణం చెప్పేది కొసనున్న ప్రమేయ సమూహమే."

నేను మూసుకోలేదు.
జువ్వలదిన్నె తొలి బస్సులో
మా అమ్మ తట్టతో కూర్చుంటే
పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉంటుందో
ఆ సీసాకి తెలుసు.

నైట్రోజన్ నెత్తిన రెండు చుక్కలు పెట్టాను.
ఒంటరి జంట అంటారు వాటిని.
ఒంటరేంది, జంటేంది, అని నవ్వింది రమీజా.
ఎవరి చెయ్యీ పట్టుకోని ఎలక్ట్రాన్లు మే అవి,
నవ్వబాక.

రాత్రి కానాగంతల పులుసు దించి
సగం పిండిన గూడూరు నిమ్మచెక్కతో
అమ్మ వేళ్ల సందులు రుద్దుకుంటోంది.
ఆమ్లం ఒక ప్రోటాన్ ఇస్తుంది,
ఆ జంట అందుకుంటుంది,
ఎగిరే వాసన ఉప్పై
చెంబు నీళ్లకే జారిపోతుంది.
చెప్దామనుకున్నా.
ఈలోపు చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి
"చూడు మే, పోయిందా?" అంది.

పోయిందన్నా.
గోళ్ల కింద రొంత ఉంది.
రికార్డు బుక్కులో
అది రాయలేదు.