చినిగిన మూల

బొరుగుల పొట్లం విప్పితే
కాగితంలో నలుగురు పిల్లోళ్లు.
ఎత్తు కుర్చీల మీద వరసగా, వీపు మనకు పెట్టి.
కోటు తొడుక్కున్న ఒకడు మాత్రం
మెడ తిప్పి చూస్తాండాడు.
నూనె మరక వాని భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

ఎర్రగుంట్ల గనిలో ఆ పొద్దు
పొర సరిగ్గా లేయలేదు.
గడార్లు పడేసి గుంత నీడలో కూలబడినాం.
ఐదో తరగతి తప్పినా
మా గేరికంతా అక్షరమంటే నేనే.
"సదువబ్బీ" అన్యాడు దేవదానం మామ.

సదివినా.
అమెరికా దేశమంట. నల్లోళ్లంట.
కాలేజీ పిల్లోళ్లు కాఫీ హోటల్లోకి పోయి కూచున్యారంట.
మీకు పోసేది లేదు పోండన్యా
లేయలేదంట.

"అంతేనా?"
"అంతే. తలుపులేసేదాంక కూచునే ఉండారంట."
"కొట్టలేదా?"
"ఇంగొక ఊర్లో తలకాయల మీద చక్కెర పోసినారంట."
"చక్కెరా!"
తిప్పక్కత్త నోరు నొక్కుకునింది.
"మనకు పండగనాడు గూడా బెల్లపు గడ్డే కదరా,
వాళ్లకాడ పారబోసేంత ఉందా?"
అందరం నవ్వినాం. సమ్మెట కూడా నవ్వినట్లు మోగింది ఎవురిదో.

యా ఊరబ్బీ అని అడిగినారు.
ఊరి పేరుండే మూల చినిగిపోయింది.
'లో ఉద్రిక్తత' అన్న ముక్కే మిగిలింది.

టేసను దోవలో టీ హోటలుండేది.
దాని ముందర నాపరాతి అరుగు.
ఆ బండ మా గుంతలోదే.
గీత గీసింది దేవదానం మామ,
చీల్చింది ఆయన్నే,
బండికెత్తి తెచ్చి పరిచింది మేమే.
పరిచినంక మాత్రం దాన్ని తాకగూడదు.
మా రేకు గ్లాసులు చూరు కింద మేకులకు.
తీసుకోని, కడుక్కోని, కాలవ పక్కన గొంతుక్కూచుంటే
పైనుంచి పోస్తారు.
పోసే చెయ్యి పక్కకు పోతే వేళ్లు బొబ్బలెక్కుతాయి.
నా బొటనవేలు చూడండి కావాలంటే.

శనివారం బట్వాడా.
కూలి డబ్బులు రొంటిన దోపుకోని
తిప్పక్కత్త మేకు దిక్కు పోలేదు.
వంగి, అరుగు అంచు కింద వేళ్లు పెట్టి తడిమింది.
మామ ఉలి గుర్తు దొరికినట్లుంది.
ఎక్కి కూచునింది.
పొట్టి మనిషి. కాళ్లు నేలకు అందలేదు.

పాలు పొంగి పొయ్యిలో పడినా
ఎవురూ దించలేదు.

"లేయ్ మే."
"ఒక టీ. గాజు గ్లాసులో."

చక్కెర కాదు పోసింది.
ఎంగిలి గ్లాసులు కడిగిన బకెట్టు నీళ్లు.
కొంగుతో మొగం తుడుచుకోని
మళ్లా "ఒక టీ" అనింది,
చెవుడోనికి చెప్పినట్లు నిదానంగా.
దేవదానం మామ పోయి పక్కన కూచున్యాడు.
ఆయన వెనకాల ఓబులేసు,
ఓబులేసు పెండ్లాం, చంకలో బిడ్డతో.

నేను?
నేను తుమ్మచెట్టు కాడ నిలబడినా,
చేతిలో రేకు గ్లాసుతో.
ఆ మాట సదివిన నోరు నాదే.
కాళ్లు మాత్రం యాడివో.

పదకొండు నాళ్లు గనిలో మాకు పని ఇయ్యలేదు గుత్తేదారు.
తిప్పక్కత్త ఇంట్లో పన్నెండో నాటికి జొన్నపిండి లేదు.
మళ్లా శనివారం మళ్లా కూచున్యారు. ఆ మళ్లా కూడా.
ఎన్ని వారాలకు గాజు గ్లాసొచ్చిందో
తలా ఒక లెక్క చెప్తారు.
వచ్చిందాన్లో చక్కెర తక్కువుందని
అత్త తిట్టిన తిట్టు మాత్రం
అందరికీ ఒకే తీరుగా గుర్తుంది.

ఇప్పుడాడ సెల్‌ఫోన్ల అంగడి.
అరుగు బండ కాలవ మీద మూతైంది.
బస్సు కోసం దాని మీదే నిలబడతా, ఎండకు కాళ్లు కాల్తాంటే.
కూచోను.
ఇప్పుడు ఎవురు వద్దంటారు? ఎవురూ అనరు.

కాగితం అత్త పెట్టెలో పొడిపొడై పోయింది.
నలుగురూ పోయినారు, కుర్చీలు పోయినాయి.
మెడ తిప్పిన ఆ ఒక్క పిల్లోడు
ఎవుర్ని చూస్తాండాడని
ఆ పొద్దు గుంతలో ఎవురూ అడగలేదు.