బెరడు, బిరడా

ముందు వాసన వచ్చింది.
మరక తర్వాత కనబడింది,
షెడ్డు గచ్చు మీద అరచెయ్యంత,
అంచుల్లో నెమలికంఠం రంగు తిరుగుతూ.

ట్యాంకు కింద గిన్నె పెట్టి లెక్కపెట్టాను.
నిమిషానికి పదకొండు చుక్కలు.
ఇలాగే కారితే
నా జీతంలో సగం నేలే తాగేస్తుంది.

యాభై రెండో సంవత్సరపు ఇంగ్లీషు బండి.
లిస్బన్ డాక్టరెవరో ముచ్చటపడి కొన్నాడట,
ఆయన పోయాక కోళ్లగూటి పక్కన ముప్పై ఏళ్లు నిలబడింది.
వేలంలో నాకు పడింది. ఇంకెవరూ చెయ్యెత్తలేదు.
నేను దెయొలిందాని, కొరూష్ పోస్టాఫీసులో స్టాంపులమ్ముతాను.
లైసెన్సు కూడా ఇంకా రాలేదు.

కుళాయి విప్పాను.
ఇత్తడి గొట్టం, అందులో ముందుకీ వెనక్కీ జరిగే పుల్ల,
పుల్ల చివర గోరంత బిరడా
ఎండి, ముడుచుకుని,
పళ్లూడిన నోట్లో నాలుకలా ఆడుతోంది.

రబ్బరు వేశాను, రెండ్రోజుల్లో ఉబ్బి బంకయింది.
టేపు చుట్టాను, సిగ్గులేకుండా కారింది.
ఎవరో చెప్తే సబ్బు రుద్దాను.
సబ్బు ఒక రాత్రి ఆగింది. ఒక్క రాత్రే.

వాసన పట్టి గోడ మీంచి తొంగిచూశాడు బెల్మీరు.
వేసవంతా ఓక్ చెట్లకి బెరడు ఒలుస్తాడు,
చలికాలం ఊరందరి పనుల్లో తలదూరుస్తాడు.
గొడ్డలి ఎంత లోతు దిగిందో
చూడక్కర్లేదు, చప్పుడు విని చెప్తాడు.
లోపలి తోలు తెగితే
ఆ చోట మళ్లీ బెరడు రాదు మరి.

పుల్ల అటూ ఇటూ తిప్పి నవ్వాడు.
"బండి వాళ్లదే గానీ
నోట్లో ఉన్నది మన చెట్టమ్మా!"

మర్నాడు ముక్క తెచ్చాడు.
వంతెన అవతల, కాండం మీద
తెల్ల రంగుతో 4 అని రాసిన చెట్టుది.
పోయిన జూలైలో ఒలిచారు, ఆ ఏడాది చివరి అంకె అది.
మళ్లీ గొడ్డలి తగలాలంటే తొమ్మిదేళ్లు.
ఆ ఒక్క మాట మీదే ఊరంతా నిలబడుతుంది, అన్నాడు,
ఇంకే మాట మీదా నిలబడదు గానీ.

బెరడు బిరడా అవడానికి సాయంత్రం పట్టింది.
ఆయన బ్లేడుతో చెక్కాడు, నేను గరుకు కాగితంలో పెట్టి తిప్పాను.
మొదటిది చీలింది.
రెండోది మరీ సన్నబడింది.
మూడోదాన్ని కాఫీ గిన్నెలో, మరిగే నీళ్లలో వేస్తే
మునగనంటుంది.
చెంచాతో నొక్కి పట్టుకున్నాను, చెయ్యి కాలేదాకా.

"ఎండితే కారుస్తుంది, తడిస్తే ఆపుతుంది.
దీని ధర్మమే తలకిందులు."
ఇంకెవరైనా అంటే బతుకు గురించి అనుకునేదాన్ని.
బెల్మీరు బిరడా గురించే అన్నాడు.

నడిమి మర అరచుట్టు బిగిస్తే
చిన్న మూలుగుతో గొట్టంలో దూరింది.
ట్యాంకు నింపి, కింద పాత పేపరు పరిచాం.
చావు కబుర్ల పేజీ పైకొచ్చింది.
తిరగేశాను. ఫుట్‌బాల్.

పదకొండు చుక్కల నిమిషం గడిచింది.
ఇంకో పదకొండు చుక్కల నిమిషం.
మా ఇంట్లో గోడగడియారం
ఇంత గట్టిగా కొట్టుకుంటుందని నాకు తెలీదు.

అర్ధరాత్రి చెప్పుల్లేకుండా వెళ్లి టార్చి వేశాను.
కుళాయి అంచున ఒక చుక్క.
గుండె జారింది.
వేలికి తీసుకుని వాసన చూశాను:
కాఫీ.

పరీక్ష గురువారం.
వాడకుండా వదిలేస్తే మళ్లీ ఎండుతుందని
రోజూ సాయంత్రం బండిని తోసుకుంటూ వంతెన దాటుతున్నాను.
లోపల పెట్రోలు కుదుపుకి ఒడ్డులు తడుముతుంటుంది.
పిల్లలు నవ్వుతారు. సైకిలు కుర్రాడొకడు
తాడు కట్టి లాగనా అని అడిగాడు.

4 చెట్టు దగ్గర ఆగి తిప్పుకుంటాను.
ఒలిచినంత మేరా ఇటుక రంగు,
పైన కొమ్మలకి మాత్రం ఇంకా పాత చొక్కా.