నాలుగో హాలులో వల

పదకొండేళ్లు ఒక మ్యూజియంలో
"ముట్టుకోకండి" అనడమే నా ఉద్యోగం.
ఇప్పుడు వీగో రేవులో, ఒకప్పటి సార్డీన్ల ఫ్యాక్టరీలో
"ముట్టుకోండి, పరవాలేదు" అనడం.
జీతం రెండుచోట్లా ఒకటే.
నాలుక తిరగడానికే నెల పట్టింది.

గోడలకు తెల్లరంగు వేసి ఐదేళ్లయినా
వానపడితే నూనె వాసన లేస్తుంది.
మొదటి హాలులో నీడ పడితే చాలు,
వెలుగు చేపలు బెదిరి చెల్లాచెదురవుతాయి.
రెండోదాంట్లో ఊపిరి ఊదితే పొగమంచు.
మూడోది తరచూ చెడిపోతుంది.
మెకానిక్ వచ్చేదాకా
ఆ నల్లటి తెరని కూడా కళే అనుకుని
చేతులు కట్టుకుని చూసిపోతారు జనం.
నేను కాదనను.

నాలుగో హాలులో ఆట.
నేలంతా తెర. తెరనిండా చిరిగిన వల.
వేలితో దారం లాగి, కన్ను పక్కన కన్ను కట్టాలి.
తొంభై సెకన్లు. పెద్ద చిరుగుకి పది పాయింట్లు, ఒక గంట.
చిన్న చిరుగులకి ఏమీ రాదు.
బడిపిల్లలు అది రెండు నిమిషాల్లో కనిపెట్టేసి
పెద్దవాటి మీదకే దూకుతారు.

దోసిందా గురువారాలు వస్తుంది,
పింఛనుదార్లకు టికెట్ లేని రోజు,
మోఆన్యా నుంచి పదింటి లాంచీలో.
మొదటిసారి వచ్చినప్పుడు
చెప్పులు విప్పింది, మేజోళ్లు విప్పింది,
కాళ్లు బారచాపి తెరమీదే కూర్చుంది.
వల అంచుని కాలి బొటనవేలికి తగిలించింది.
యంత్రం కాసేపు ఆలోచించి
"ఇద్దరు ఆటగాళ్లు" అని రాసింది.

"ఇద్దరం కాదు, ఒక్కదాన్నే," అని
తెరకే చెప్పింది ఆమె.

చిన్న చిరుగుతో మొదలుపెట్టింది.
దాని పక్కది, దాని పక్కది.
టైమైపోయింది. పాయింట్లు సున్న.
వల మళ్లీ మొదట్లాగే చిరిగి ప్రత్యక్షం.
"ఎవరు తరుముతున్నారు నిన్ను?" అంది విసుగ్గా.
నన్నే అనుకున్నాను.

ఆరు గురువారాలు ఇదే తంతు.
ఏడోదానికి ఆ ఆట రాసిన పిల్ల ఆంతీయ వచ్చింది.
ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గోడవార కూలబడింది.
పెద్దావిడ చేతుల్ని కాదు, బొటనవేలినే చూసింది చాలాసేపు.
తర్వాత గడియారాన్ని పీకేసింది.

రెండు గంటల నలభై నిమిషాలు.
మధ్యలో ఒకసారి నీళ్లు అడిగింది, ఒకసారి తిట్టింది.
వల మొత్తం పూర్తయింది.
ఏమీ జరగలేదు.
గంట లేదు, అభినందనలు లేవు.
నేలమీద ఒక నిండు వల, ఊరికే.
"ఇక్కడిదాకా ఎవరూ వస్తారనుకోలేదు," గొణిగింది ఆంతీయ,
"దీని తర్వాత ఏమీ రాయలేదు నేను."

దోసిందా అరచేత్తో తెరని ఒత్తి చూసింది.
"తడపాలి," అంది మేజోళ్లు తొడుక్కుంటూ.
"తడిస్తేగాని
ముడి బిగిసిందో లేదో తెలీదు."
లాంచీకి టైమైందని వెళ్లిపోయింది.

రెండు వారాలు హాలు మూసి ఉంచాం.
నోటీసు చదివి, ఆవిడ ఆ రెండుసార్లూ
మూడో హాలులో చెడిపోయినదాని ముందు నిలబడింది.
బాగుందంది.

మళ్లీ తెరిచిన రోజు
చివరి ముడి పడగానే తెర కిందనుంచి నీళ్లు వచ్చాయి,
పొద్దున్నపూట రేవులో ఉండే బూడిదరంగు నీళ్లు.
వల బరువెక్కింది, దిగింది.
వేలు తొందరగా లేచినచోట
ఒక ముడి జారింది. ఇంకొకటి. మూడోది.
సందులోంచి రెండు చేపలు
ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయాయి.

ఆంతీయ మొహం పాలిపోయింది.
పెద్దావిడ పకపకా నవ్వింది, పళ్లసెట్టు కదిలేలా.
"అవి మూడూ నావే! కుడి బొటనవేలు
రెండేళ్లుగా మాట వినడం లేదు.
డాక్టరుకి చెప్తే వయసన్నాడు."
వంగి, జారినచోటే మళ్లీ పట్టుకుంది.

ఐదింటికి మూసేస్తామని చెప్పడం కూడా నా ఉద్యోగమే.
చెప్పాను. రెండుసార్లు.
ఆంతీయ బూట్లు విప్పుతోంది,
కాలు ఎక్కడ పెట్టాలో అడుగుతోంది.
"ఇద్దరు ఆటగాళ్లు" అంటోంది తెర
ముగ్గురో నలుగురో తేల్చుకోలేక.
పైన దీపాలు మాత్రం ఆర్పేశాను.
వలకి దాని వెలుతురు ఉంది.